రాత్రిని రాత్రిగానే చూపించండి: పాత సినిమాలు చూపించేవారికి ఒక ప్రేక్షకుడి బహిరంగ లేఖ

స్ట్రీమింగ్ వేదికల్లో, టీవీ చానళ్లలో పాత సినిమాల బాధ్యత చూసేవారికీ, వాటిని డిస్కులుగా విడుదల చేసేవారికీ నమస్కారం.

మొన్నామధ్య మీలో ఒకరి వేదిక మీద 1922 నాటి ‘నోస్ఫెరాటు’ పెట్టుకుని కూర్చున్నాం, నేనూ మా మేనకోడలూ. దానికి పద్నాలుగేళ్లు. మూకీ చూడటం అదే మొదలు. రక్తపిశాచి కథ అనీ, ఎండ పొడ సోకితే మాయమైపోతాడనీ ఊరించి మరీ కూర్చోబెట్టాను. సగం దాటాక అడిగింది: “మామయ్యా, ఎండ తగిలితే చచ్చిపోతాడన్నావు కదా. మరి పట్టపగలు శవపేటిక చంకన పెట్టుకుని వీధుల్లో తిరుగుతున్నాడేంటి?”

జవాబు నాకు తెలుసు. అది పగలు కాదు, రాత్రి. అప్పటి ఫిల్ముతో, అప్పటి దీపాలతో ఆరుబయట రాత్రి దృశ్యాలు తీయడం కష్టం. అందుకని ఎండలో తీసి, ఆ భాగం ప్రింటును నీలిరంగులో ముంచేవారు. తెర నీలంగా మారితే రాత్రయిందని ఆనాటి ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పసుపు దీపం వెలుగు, గులాబి తెల్లవారుజాము. మీరు పెట్టిన కాపీలో ఆ నీలం లేదు. ఎప్పుడో ఎవరో రంగు ప్రింటు నుంచి నలుపు తెలుపు ఫిల్ము మీదికి నకలు తీసినప్పుడు రంగు కాస్తా జారిపోయింది. ఆ నకలుకి నకలు, దానికి ఇంకో నకలు చివరికి మీ దాకా వచ్చింది. రంగుతోపాటు కథ మొత్తాన్ని నిలబెట్టిన కట్టుబాటు కూడా పోయింది. సూర్యుడికి జడవాల్సినవాడు సూర్యుడి కిందే ఊరేగుతున్నాడు.

ఇదంతా మా మేనకోడలికి వివరించాను. అది బుద్ధిగా విన్నది కూడా. కానీ సినిమా చెప్పాల్సిన మాట నేను చెప్పాల్సి వచ్చింది చూశారూ, అదే నా ఫిర్యాదు. ఈ సినిమాను 1920లలో రంగులు పూసిన ఫ్రెంచి ప్రింటు ఆధారంగా ఏనాడో పునరుద్ధరించారు. అందులో రాత్రి రాత్రిలాగే ఉంటుంది. మీరు దాన్ని తీసుకోలేదు. ఊరికే దొరికేదాన్ని తీసుకున్నారు. అమెరికాలో 95 ఏళ్లు నిండిన సినిమాలకు కాపీరైటు ఉండదు కాబట్టి ఆ కాలపు సినిమాల అరిగిపోయిన నకళ్లు కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. ఇది మీ ఒక్కరి తప్పని అనను. పాత సినిమా అంటే ఎలా ఉన్నా ఫరవాలేదనే అభిప్రాయం మనందరిలోనూ ఉంది. పాతదంటే గీతలు పడి, గంతులు వేస్తూ, వెలిసిపోయే ఉంటుందని ముందే ఒప్పేసుకున్నాం.

అవి పుట్టినప్పుడు అలా లేవు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. మిగతావన్నీ దీనికి సాక్ష్యాలు.

నా చిన్నప్పుడు టీవీలో అప్పుడప్పుడు మూకీ తునకలు వేసేవారు. వాటిలో మనుషులు కాలిబొటనవేలి మీద చీమ కుట్టినట్టు పరుగులాంటి నడక నడిచేవారు. ఆ కాలంలో కెమెరాలు అలా ఉండేవేమో అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత గానీ అసలు సంగతి తెలియలేదు. మూకీల కాలంలో కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములు, 18, 20, ఇలా మనిషిని బట్టి, దృశ్యాన్ని బట్టి వేగం మారేది. టాకీలు వచ్చాక శబ్దం కోసం 24 దగ్గర అందరూ స్థిరపడ్డారు. పాత రీళ్లను ఆ కొత్త యంత్రాల మీదే పరుగెత్తించారు. వెయ్యి అడుగుల రీలులో 16,000 ఫ్రేములుంటాయి. సెకనుకు 16 చొప్పున నడిపితే 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. 24 చొప్పున నడిపితే పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. అయిదున్నర నిమిషాల జీవితాన్ని ప్రొజెక్టరు మింగేసిందన్నమాట.

నవ్వు పుట్టించే సినిమాల్లో ఈ నష్టం అంతగా తెలియదు. అసలు హాస్య సినిమాలవాళ్లు కావాలనే కొన్ని చోట్ల పిడి నెమ్మదిగా తిప్పి, తెర మీద పరుగు పెంచేవారు. దెబ్బ తగిలేది ఏడుపు దగ్గర. 1919లో వచ్చిన ‘బ్రోకెన్ బ్లాసమ్స్’లో లిలియన్ గిష్ వేసింది తండ్రి చేత దెబ్బలు తినే పిల్ల వేషం. నవ్వమని తండ్రి గద్దిస్తాడు. ఆ పిల్లకు నవ్వు రాదు. రెండు వేళ్లతో పెదవుల చివరలను పైకి నెట్టి నవ్వు తయారు చేస్తుంది. సరైన వేగంలో చూస్తే, ఆ వేళ్లు పెదవుల దాకా వెళ్లే ఆ కాస్త సమయంలోనే గుండె పట్టేస్తుంది. అదే ఒకటిన్నర రెట్లు వేగంతో చూడండి. ఎవరో అమ్మాయి మొహం మీద ఈగను తోలుకున్నట్టుంటుంది. నటన అతిగా ఉందని, పాత సినిమాలన్నీ ఇంతేనని ప్రేక్షకుడు తీర్మానించేస్తాడు. తప్పు నటిదా, యంత్రానిదా?

సరైన వేగం ఫలానా అని తేల్చడం ప్రతిసారీ తేలిక కాదు, అది ఒప్పుకుంటాను. తీసిన వేగమొకటి, హాల్లో ఆడించిన వేగమొకటి అయిన సందర్భాలు కూడా చాలానే ఉన్నాయి. అయితే తెలియనప్పుడు ఏం చేయాలో చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 1928 నాటి ‘ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ ఏ వేగంలో ఆడాలన్న దానిమీద వాదం తెగలేదు. దాన్ని డిస్కు మీద తెచ్చినవాళ్లు సెకనుకు 20 ఫ్రేముల రూపం, 24 ఫ్రేముల రూపం రెండూ పెట్టి ఎంపికను చూసేవాడికి వదిలేశారు. ప్రేక్షకుణ్ణి పెద్దమనిషిలా చూసుకోవడమంటే అది.

మీరు ఈ మధ్య ఇంకో దారి పట్టారు. వేగం సరిచేయడం వదిలేసి, లేని ఫ్రేములను కంప్యూటరు చేత పుట్టించి ‘సెకనుకు 60 ఫ్రేములు, 4కె’ అని పైన చీటీ అంటిస్తున్నారు. లూమియేర్ సోదరుల రైలు స్టేషన్లోకి వచ్చే చిత్రానికి ఈ వైద్యం జరిగింది. మొదటిసారి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. నిన్న తీసినట్టుంటుంది. కానీ లెక్క వేసుకోండి. సెకనుకు 16 ఫ్రేములున్నదాన్ని 60 చేస్తే, తెర మీద కనిపించే ప్రతి నాలుగు బొమ్మల్లో దాదాపు మూడు ఏ కెమెరా ముందూ ఎన్నడూ జరగనివి. 1890లలో ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఆవిడ మొహం మీద యంత్రం ఊహించిన మొహం వచ్చి కూర్చుంటుంది. సరదాకి చేసుకుంటే చేసుకోండి. ‘అసలు’ పక్కన పెట్టి చూపండి. అసలును తీసేసి దీన్నొక్కదాన్నే పెట్టి, ‘పునరుద్ధరించినది’ అని పేరు పెట్టకండి.

ఆ ఊపులోనే గ్రెయిన్, అంటే తెర మీద సన్నటి ఇసుకలా కనిపించే రేణువులను కూడా తుడిచేస్తున్నారు. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంటే వెండి రేణువులే. అవి బొమ్మ మీద పడ్డ దుమ్ము కాదు, బొమ్మే అవి. వాటిని తుడిస్తే చర్మం మైనమవుతుంది, ఉన్నిశాలువా ప్లాస్టిక్ షీటవుతుంది. గీతలు తీసేయండి, మరకలు కడిగేయండి, ఊగే ఫ్రేమును నిలబెట్టండి, దండం పెడతాను. రేణువుల జోలికి మాత్రం పోకండి.

రంగుల సంగతి చెప్పాలంటే మొహమాటం లేకుండా చెప్పాలి. పాత సినిమాల్లో రంగే లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 1902లో జార్జ్ మెలియెస్ తీసిన ‘ఎ ట్రిప్ టు ద మూన్’కు చేత్తో రంగులు వేసిన ప్రింట్లు కూడా అమ్మారు. పారిస్‌లో ఎలిజబెత్ థుయిలియే నడిపిన వర్క్‌షాపులో సుమారు రెండు వందల మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో రంగు చొప్పున, ఫ్రేము తర్వాత ఫ్రేము కుంచెతో అద్దేవారు. అలాంటి రంగు ప్రింటొకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది. ముక్కలు ముక్కలుగా ఉన్నదాన్ని ఏళ్ల తరబడి అతికి 2011లో తెరకెక్కించారు. ఆ రంగు ఆ సినిమా సొంతం. ఆ కాలంలోనే, చేత్తోనే వేసిన రంగు అది.

తర్వాత ఎవరో వచ్చి వేసే రంగు అలాంటిది కాదు. జాన్ హ్యూస్టన్ 1950లో తీసిన ‘ద ఆస్ఫాల్ట్ జంగిల్’కు రంగులద్ది ఫ్రాన్సు టీవీలో వేయబోతే, అప్పటికే చనిపోయిన ఆయన వారసులు, స్క్రీన్‌ప్లే రచయితా కోర్టుకెళ్లారు. 1991లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం వారి పక్షాన తీర్పిచ్చింది. సినిమా హక్కులు కొనుక్కున్నంత మాత్రాన దాని రూపం చెడగొట్టే హక్కు రాదని ఆ తీర్పు సారం. ‘సిటిజన్ కేన్’కు రంగులేద్దామనుకుని 1989లో ప్రయత్నించినవారు, ఆర్సన్ వెల్స్ ఒప్పందంలోని షరతులు చూసి వెనక్కి తగ్గారు. నలుపు తెలుపుల్లో తీసేవాడు రంగు దొరక్క ఊరుకున్నవాడు కాదు. నీడ ఎక్కడ పడాలో, మొహంలో ఏ సగం చీకట్లో ఉండాలో చూసుకుని తీసినవాడు.

మన ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది విడుదల చేశారు. హాల్లో జనం ఈలలు వేశారు. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను. ఇంటికొచ్చి నలుపు తెలుపుది మళ్లీ పెట్టుకుని ‘లాహిరి లాహిరి’ చూశాక నోట మాట రాలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ పాటలో కురిపించిన వెన్నెలకు రంగు లేదు, వెలుగు మాత్రమే ఉంది. దానికి నీలం పూస్తే నీలం కనిపిస్తుంది గానీ వెన్నెల కనిపించదు. ‘నోస్ఫెరాటు’కు నీలం కావాలని గొడవపడేవాణ్ణి ఇక్కడ నీలం వద్దంటున్నానేమిటని అడుగుతారేమో. అక్కడ తీసినవాళ్లే వేశారు, ఇక్కడ తీసినవాళ్లు వేయలేదు. నాకు తెలిసిన తేడా అంతే.

ఇక తెర కొలత. దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మూకీ ఫ్రేము దాదాపు 4:3 కొలతలో ఉంటుంది. మీ తెర 16:9. పక్కన నల్లపట్టీలు కనబడితే ప్రేక్షకుడు విసుక్కుంటాడని మీరు బొమ్మను సాగదీసి పైనా కిందా కోస్తున్నారు. అలా కోస్తే బొమ్మ ఎత్తులో సుమారు పావు వంతు పోతుంది. 1923 నాటి ‘సేఫ్టీ లాస్ట్’లో హెరాల్డ్ లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతుంటాడు. ఆ బొమ్మలో భయమంతా అతని కాళ్ల కింద కనిపించే వీధిలో ఉంది. ఆ వీధి కోసేశాక మిగిలేది గడియారం, దాన్ని పట్టుకున్న కళ్లజోడు మనిషి. ఫ్రెడ్ ఆస్టెయిర్ తన నాట్యాన్ని తల నుంచి పాదం దాకా ఒకే బొమ్మలో చూపాలని పట్టుబట్టేవాడు. మీ కత్తెర ఆయన పాదాల దగ్గరే పడుతోంది.

సంగీతం గురించి కూడా చెప్పనివ్వండి. మూకీ అంటే హాల్లో నిశ్శబ్దం అని కాదు. చిన్న హాల్లో పియానో, పెద్ద హాల్లో ఆర్కెస్ట్రా ఉండేవి. జపానులోనైతే తెర పక్కన నిలబడి కథంతా గొంతు మార్చి మార్చి చెప్పే ‘బెన్షీ’లు ఉండేవారు. తారల కన్నా బెన్షీ పేరు చూసి టికెట్ కొన్నవాళ్లూ ఉన్నారట. ఇప్పుడు మీరేం చేస్తున్నారు? ఎక్కడో ఊరికే దొరికిన హుషారు పియానో ముక్కను గంటన్నర పాటు తిప్పి తిప్పి వేస్తున్నారు. తెర మీద శవాన్ని మోసుకెళ్తుంటే వెనక బ్యాండు మేళం. ఆ శబ్దం కన్నా నిశ్శబ్దమే నయం, మ్యూట్ చేసుకుని చూసిన సందర్భాలు నాకు కోకొల్లలు.

అసలు శబ్దం లేకుండా శబ్దాన్ని చూపించడం ఎంత గొప్ప విద్యో తెలియాలంటే 1931 నాటి ‘సిటీ లైట్స్’ చాలు. అప్పటికి లోకమంతా టాకీల వెంట పడింది. చాప్లిన్ మాత్రం మాట పెట్టనన్నాడు. సంగీతం తనే సమకూర్చుకున్నాడు. ఆ కథలో చూపులేని పూలమ్మే అమ్మాయి దేశదిమ్మరిని ధనవంతుడనుకోవాలి. ఎలా అనుకుంటుంది? మాటల్లేవు, ఆమెకు చూపు లేదు. చాప్లిన్ నెలల తరబడి తల పట్టుకుని, వందల టేకులు తీసి చివరికి ఒక కారు తలుపు దగ్గర తేల్చాడు. రోడ్డు దాటడానికి ఆ దిమ్మరి ఆగి ఉన్న పెద్ద కారులోకి ఒకవైపు నుంచి దూరి రెండోవైపు దిగుతాడు. తలుపు మూసుకున్న చప్పుడు ఆమె వింటుంది. మనం వినం, ఆమె తల తిరగడం చూస్తాం. కాసేపటికి అసలు యజమాని వచ్చి ఎక్కుతాడు, కారు వెళ్లిపోతుంది. తన దగ్గర పువ్వు కొన్న బాబుగారు చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోయారని ఆమె అనుకుంటుంది. పక్కనే నిలబడ్డ దిమ్మరికి ఆ భ్రమ చెరపడం ఇష్టం లేక మునివేళ్ల మీద జారుకుంటాడు. చూసేవాడి చెవిలో ఒక తలుపు పడింది, అదీ ఏ శబ్దమూ లేకుండా. ఇలాంటి చోట సంబంధం లేని సంగీతం పోస్తే వినబడాల్సింది వినబడకుండా పోతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మిగిలినవి తక్కువ కాబట్టి. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో విడుదలైన మూకీ పెద్ద సినిమాలు 10,919 అని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం లెక్క తేల్చింది. వాటిలో విడుదలైనప్పటి రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’కు ఒక్క ప్రింటూ మిగల్లేదు. నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. అగ్నికి పోయినవి కొన్ని, డొక్కు సరుకని పారేసినవి కొన్ని, వెండి కోసం కరిగించినవి కొన్ని.

‘జోన్ ఆఫ్ ఆర్క్’ సంగతే వినండి. నెగటివ్ అగ్నికి ఆహుతైంది. దర్శకుడు డ్రయర్ మొదట వాడని షాట్లతో రెండో నెగటివ్ కూర్చాడు. 1952లో ఒకాయన ఆ రెండో రూపాన్ని పట్టుకుని, పాతకాలపు శాస్త్రీయ సంగీతం జోడించి, దృశ్యాల మధ్య మాటలు చూపే కార్డులు కొన్ని తీసేసి, అక్షరాలు బొమ్మ మీదికి ఎక్కించి ‘బాగు చేశాడు’. డ్రయర్‌కు అది నచ్చలేదు. ఏళ్ల తరబడి లోకం చూసింది మాత్రం ఎక్కువగా దాన్నే. 1981లో నార్వేలో, ఓస్లో దగ్గరున్న మానసిక వైద్యశాల అలమారలో మొదటి రూపపు ప్రింటు డబ్బాలు దొరికాయి. ఈనాడు మనం చూస్తున్నది ఆ అలమారా పుణ్యమే. బాగు చేయాలనే కోరికకు అలా బలైన సినిమా ఇదొక్కటే అనుకోకండి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా నడిచినవారి పద్ధతి కూడా చెప్తాను. 1927లో బెర్లిన్‌లో తొలి ప్రదర్శన తర్వాత ‘మెట్రోపొలిస్’ను తెగ కోసేశారు. పోయిందనుకున్న భాగం 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో 16 ఎం.ఎం. కాపీలో దొరికింది. నిండా గీతలు, ఫ్రేములో కొంత అంచు కూడా లేదు. పునరుద్ధరించినవాళ్లు సుమారు పాతిక నిమిషాల ఆ భాగాన్ని 2010 నాటి రూపంలో చేర్చారు. శుభ్రం చేయగలిగినంత చేశారు, పోని గీతలను ఉండనిచ్చారు, తగ్గిన అంచు చోట నలుపు వదిలారు. చూస్తున్నవాడికి ఏ షాట్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. గీతల మధ్య నుంచే కథ పూర్తవుతుంది. ఆ భాగాలొచ్చినప్పుడు నాకు చిరాకు కలగలేదు, పోయిన మనిషి తిరిగొచ్చినంత పనైంది.

మీరు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. సినిమా పేరు కింద ఇంకో రెండు వరుసలు రాయండి: ఏ ఆర్కైవ్ కాపీ, ఏ ఏడు పునరుద్ధరణ, ఎంత నిడివి, ఏ వేగం, సంగీతం ఎవరిది, మీరు మార్చిందేమిటి. రేపు వేయబోయే కొత్త సినిమాకు ధ్వని ఏ పద్ధతిలో ఉందో ఎంత శ్రద్ధగా రాస్తారో నాకు తెలుసు. మంచి కాపీకి డబ్బు కట్టాల్సి వస్తే, పది అరిగిన నకళ్లు వేయడం మాని రెండు మంచివి వేయండి. మీ జాబితాలో సంఖ్య తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇంకొకటి. ఆ కార్డుల మాటలను తెలుగులో ఇవ్వండి. మూకీలో అనువదించాల్సింది ఎంతని? 1924 నాటి ‘ద లాస్ట్ లాఫ్’లో కథ మధ్య వచ్చే కార్డు దాదాపుగా ఒకే ఒక్కటి. ఒక ఉత్తరం, ఒక పత్రికా వార్త వంటివి కలుపుకున్నా ఒక మధ్యాహ్నం పని. మాటలతో నిండిన సినిమాలకు వందల పేజీలు అనువదిస్తున్నవారు దీన్ని పట్టించుకోకపోవడం నాకు అర్థం కాదు.

కుర్రకారు చూడరండీ అంటారు మీరు. మా మేనకోడలి విషయం చెప్పి ముగిస్తాను. తర్వాతి ఆదివారం ఆ పునరుద్ధరించిన రూపం డిస్కు సంపాదించి మళ్లీ పెట్టాను. నీలి వీధుల్లో శవపేటిక మోస్తూ వాడు వస్తున్నప్పుడు అది ఏమీ అడగలేదు. గోళ్ల నీడ మెట్ల మీదుగా పైకి పాకుతుంటే నా చొక్కా చెయ్యి పట్టుకుంది. చివర గది గులాబి రంగులోకి తిరగగానే, కార్డు పడకముందే, “తెల్లారింది” అంది.

మీ వేదికలో ఆ సినిమా ఉందా అని ఈ ఉత్తరం రాసేముందు మళ్లీ చూశాను. ఉంది. అదే కాపీ. అక్కడ ఇంకా మిట్టమధ్యాహ్నమే.

ఇట్లు,
మీ చందాదారుల్లో ఒకడు